సీ షిఫ్టు నిద్ర

రాత్రి పదింటికి ఫ్యాక్టరీలోకి వెళ్లి పొద్దున్న ఆరింటికి బయటికి రావడాన్ని సీ షిఫ్టు అనేవారు. మా ఆయనకు మూడు వారాలకొకసారి అది పడేది. పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చిన ఆడది ముందు నేర్చుకోవలసింది వంట కాదు, ఆ వారం చప్పుడు లేకుండా బతకడం. గిన్నెల కింద గోనె పరిచి తోమేదాన్ని. తలుపు గడియకు నూనె రాసేదాన్ని. మా బస్తీలో ఒక అలవాటు ఉండేది. ఎవరింట్లో సీ షిఫ్టు నడుస్తుంటే వాళ్లు గుమ్మానికి అడ్డంగా తడి తువ్వాలు వేలాడదీసేవారు. అది కనిపిస్తే కూరల బండివాడు కూడా కేక వెయ్యకుండా దాటిపోయేవాడు. తెలుగువాళ్లు, ఒరియావాళ్లు, బీహారువాళ్లు, అందరికీ ఆ తువ్వాలు అర్థమయ్యేది. ఎవరూ రాసిన రూలు కాదు. అయినా నడిచింది.

మా ఆయన క్రేను నడిపేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కింద ఇనప కట్టలకు గొలుసులు తగిలించే ఖలాసీగా చేరి, పైన క్రేను గూట్లో కూర్చునేవాళ్లను చూస్తూ వయసంతా గడిపి, తల నెరిసే వేళకు ఆ గూట్లోకి ఎక్కాడు. ఎక్కిన రోజు స్వీట్లు తెచ్చి వీధంతా పంచాడు. ఆ పనికి బలం అక్కర్లేదు, కళ్లు కావాలి. కింద మనిషి చెయ్యెత్తి సైగ చేస్తేనే కట్ట దించాలి. కళ్లు మూతపడకుండా ఉండాలంటే పగలు నిద్రపోవాలి. మా సంసారం మొత్తం ఆ నిద్ర మీద నిలబడి ఉండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడో, ఆ మరుసటేడో, మా చౌక్‌లోకి ఒక బాబా వచ్చాడు. రిక్షాలో బ్యాటరీ, ఒక పెట్టె, పెద్ద భోంపూ, అంటే మైకు గొట్టం. భోంపూను టీ కొట్టు రేకుల మీద కట్టించాడు. పొద్దున్న ఎనిమిదింటికి మొదలెడితే మధ్యాహ్నం అన్నాల వేళదాకా హిందీలో ధర్మం చెప్పేవాడు. తాగొద్దు, జూదమాడొద్దు, ఆడవాళ్లు తలమీద కొంగు దించొద్దు. వినేవాళ్లు పదిమంది కూడా ఉండరు. వాళ్లేమో ఆయన మోకాళ్లకు తగులుతూ కూర్చునేవారు. నోటితో చెప్పినా వినపడుతుంది. మాట మాటకూ ఒకటే పిలుపు: "నీంద్ సే ఉఠో, భాయియో!" నిద్ర లేవండి అని. సీ షిఫ్టు చేసొచ్చి అప్పుడే పడుకున్న మనుషుల మధ్య నిలబడి!

మొదటి వారమే మా ఆయన తలగడ చెవులకు కట్టుకుని పడుకున్నాడు.

"తువ్వాలు ఏసినావా?" అన్నాడు కళ్లు తెరవకుండా.

"ఏసినాను మావా. ఆ బాబాకి తువ్వాలేటి తెలుస్తాది? నిన్నగాక మొన్నొచ్చినాడు."

"అయితే ఎల్లి సెప్పు. దేవుడి మాట నాకు సాయంకాలం సెప్పమను. ఇంటాను."

వెళ్లాను. ఆ మనిషిని చెడ్డవాడు అననూ లేను. నేను వచ్చీరాని హిందీలో చెబుతుంటే ఓపిగ్గా విన్నాడు. "ఏ ఇల్లు, మాయీ?" అని అడిగాడు. చూపించాను. మనిషిని రేకుల మీదికి ఎక్కించి భోంపూ మూతి అటువైపు తిప్పించాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆ రోజు మా ఆయన గురక పెట్టి నిద్రపోయాడు. ఆ గురక వింటూ నేను బియ్యం ఏరుకున్నాను, ఎంత హాయిగా ఉందో.

రెండు రోజులే ఆ హాయి. మూడో రోజు మూతి మళ్లీ మావైపే ఉంది. ఎవరు తిప్పించారో కనుక్కుందామని పోట్లాటకు సిద్ధమై చౌక్ దాటి అవతలి ఇళ్ల వరసకు వెళ్లాను. ఒరియా ముసలామె ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె తల వెనక తడి తువ్వాలు వేలాడుతోంది. లోపల కొడుకు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ రెండు రోజులూ మోత వాళ్లమీద పడిందన్నమాట. తిరిగొచ్చేశాను.

అప్పుడు ఠాణాకు వెళ్లాను. పక్కింటి అప్ప తోడొచ్చింది. దారోగా, అంటే అక్కడి ఎస్సై, మర్యాదగానే మాట్లాడాడు. గోడమీద అంటించిన కాగితం చూపించాడు. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నది, అది చాలా ఏళ్ల తర్వాత మాట. అందుకని ఆయన్నే చదవమన్నాను. మైకుకు పర్మిషన్ ఉండాలట, బాబాకు ఉందట. రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటిదాకా ఎవరూ మోగించకూడదట. మోగిస్తే పట్టుకొస్తారట.

"ఆ టైముకి మా ఆయన ఇంట్లోనే ఉండడు బాబూ. అప్పుడు మోగించుకోమనండి. పగలు ఆపమనండి" అన్నాను.

దారోగా నవ్వాడు. "దిన్ మే కౌన్ సోతా హై, మాయీ?"

పగలు ఎవరు నిద్రపోతారట! ఆ ఊళ్లో! మూడు పూటలా సైరను మోగితే సగం ఊరు లేచి వెళ్లి సగం ఊరు వచ్చి పడుకునే చోట! కాగితం రాసినవాడు రాత్రి పడుకునేవాడు. వాడి రాత్రినే అందరి రాత్రి అనుకున్నాడు. నాకు కోపం కూడా రాలేదు. దారి పొడవునా అప్ప దారోగాను తిడుతూనే ఉంది.

చివరికి తెలుగు సంఘం దగ్గరికి పోయాం. కార్యదర్శిగారు ఇంజనీరు, అగ్రికో కాలనీలో క్వార్టరు, ముందు గులాబీ మొక్కలు. అక్కడ కాకి అరిస్తే వినపడుతుంది. "మీ బాధ అర్థమైందమ్మా. మీ బస్తీలోనే సభ పెడదాం. తీర్మానం చేసి పైవాళ్లకు పంపుదాం" అన్నారు. సంతోషించాం. బస్తీకొచ్చి చెబితే మా వరసలో పెద్దాయన ఒకడు లేచాడు.

"సబంటే మరి మైకుండాల గదా?"

"మైకొద్దని గదా మావయ్యా సబ!" అన్నాను.

"నువ్వూరుకో. మైకు నేకపోతే అదేటి సబ? సావుకాడ కూకున్నట్టుంటాది. ఇంజినీరు బాబు వత్తంటే నోటితో మాటాడించీమంటావా? ఆ బాబాకున్న మర్యాద మనకి నేదా?"

అందరూ ఆయన మాటే సరి అన్నారు. జుగ్సలాయి బజారు నుంచి మైకుసెట్టు తెప్పించారు. బాబా దానికన్నా పెద్ద భోంపూ అని చెప్పుకున్నారు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి సభ. ఆ వారం మా ఆయనది సీ షిఫ్టే. "హలో హలో" అని ముందు పావుగంట. తర్వాత తీర్మానం కన్నా ముందు అందరికీ మైకు కావాలి. పెద్దాయన పట్టుకున్నవాడు వదల్లేదు. అటు బాబా గొంతు పెంచాడు. రెండు భోంపూల మధ్య మా రేకులు అదురుతున్నాయి.

మా ఆయన లుంగీతో గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నవ్వాడు.

"మనోల్ల బోంపూయే బాగుందే. నిద్దర సెడినా మన బాసలో సెడుతంది."

కాసేపటికి పోలీసులు వచ్చారు. బాబాకు పర్మిషన్ ఉంది, మాకు లేదు. మా మైకు పట్టుకుపోయారు. చప్పుడు తగ్గించమని అడగడానికి కూర్చున్నవాళ్లం చప్పుడు చేసినందుకు ఠాణాకెక్కాం. వీధంతా నవ్వింది. కార్యదర్శిగారు సాయంత్రానికి దాన్ని విడిపించి, "కొన్నాళ్లు మనం మాట్లాడకుండా ఉండడం మంచిదమ్మా" అని చెప్పి వెళ్లిపోయారు. ఇంకెవరి దగ్గరికి వెళ్లాలో నాకు తెలియలేదు. ఆ తర్వాత బాబాను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి వేరేవాళ్లు, ఎవరి దేవుడికి వాళ్లు ఒక భోంపూ కట్టారు. అందరికీ పర్మిషన్ ఉంది.

తర్వాతి సీ షిఫ్టు వారంలో ఒక పొద్దున్న ఆయన ఇంటికొచ్చి చద్దన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద ఎత్తలేదు.

"ఏటి మావా?"

"దింపీసినాను" అన్నాడు. "కిందోడు సెయ్యి ఎత్తనేదు. ఎత్తినాడనుకుని కట్ట దింపీసినాను. కల్లో ఎత్తినాడు."

"మనిషి?"

"ఎనక్కి దూకినాడు. బతికినాడు. నన్ను అమ్మనా బూతులు తిట్టినాడు. తిట్టనీ."

చెయ్యి కడుక్కుని మళ్లీ చొక్కా వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాడు. నన్ను క్రేను మీంచి దించెయ్యండి అని ఫోర్‌మన్‌ను అడిగాడట. ఫోర్‌మన్ మంచిమాటే చెప్పాడు, పది రోజులు సెలవు పెట్టి ఇంటి దగ్గర నిద్రపోయి రమ్మన్నాడు. "ఇంటికాడే గదా సార్ ఆ మోత" అని మా ఆయన అన్నాడట.

దించేశారు. గ్రేడు తగ్గింది. మళ్లీ గొలుసులు తగిలించే ఖలాసీ. జనరల్ షిఫ్టు గనక రాత్రిళ్లు ఇంట్లో ఉండేవాడు, చట్టం కాపాడే వేళల్లో చక్కగా నిద్రపోయేవాడు. బస్తీవాళ్లు మంచిదే అయిందన్నారు. ఆయన మాత్రం ఫ్యాక్టరీ కబుర్లు చెప్పడం మానేశాడు. దసరాకు పిల్లల్ని లోపలికి తీసుకెళ్లి ఎవరెవరు ఎక్కడ పనిచేస్తారో చూపించేవారు, ఆ ఏడు మా పిల్లల్ని తీసుకెళ్లలేదు.

ఆయన దిగిన క్రేను మీదికి మా వరసలోని కుర్రాణ్ణే ఎక్కించారు. నెల తిరక్కుండా అతని పెళ్లాం మా ఇంటికొచ్చింది. బయట భోంపూ మోగుతూనే ఉంది.

"అత్తా, నువ్వు బాబా కాడికి ఎల్లినావంట, ఠాణాకి ఎల్లినావంట. ఏది పనిసేసింది?"

"ఏదీ నేదమ్మా."

"మరి మావ ఇప్పుడు బాగానే తొంగుంటన్నాడు గదా?"

"మీ మావ దిగిపోనాడు."

"మా ఆయన మొన్నే ఎక్కినాడు అత్తా. ఊరందరికీ సెప్పుకున్నాం" అంది ఆ పిల్ల.

దిగిపొమ్మను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్ల లేవలేదు, అలాగే కూర్చుంది. పొయ్యి మీద టీ పెట్టాను.