సబ్బక్క పెంచిన బూజు

నర్సరీలో ఆర్కిడ్ గింజల్ని సీసాల్లో మొలిపించే గదికి ఆమే మహారాణి. ఆ గదిలోకి దోమైనా కాళ్లు కడుక్కునే రావాలని తోటివాళ్ల ఎగతాళి. అందుకే సబ్బక్క అనే పేరు పడింది. సీసాలో పిసరంత బూజు కనిపించినా ఆ పూటే చెత్తలో పారేసేది.

అలాంటి మనిషిని ఇంట్లో ఒక కుండీ ముప్పుతిప్పలు పెట్టింది. అందులో ఉన్నది అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆర్కిడ్, నేలలో పెరిగే రకం. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు. మొక్క ముసలిదైపోయింది. ఈసారి కాసిన కాయే ఆఖరిదని చూస్తేనే తెలుస్తోంది.

"నేను పోయేలోగా దీనికో పిల్లను చూపించవే" అంది మంచాన పడ్డ అత్తగారు.

"మీరెక్కడికీ పోరు అత్తయ్యా, నన్ను సాధించడానికైనా ఉంటారు."

అంది గానీ ఆ పిల్లను ఎలా చూపించాలో తెలియలేదు. ఏటా ఆ గింజల్ని తళతళలాడే తన సీసాల్లో వేస్తూనే ఉంది. ఒక్కటీ మొలవలేదు.

నర్సరీ పెద్దాయన్ని అడిగింది.

"ఆ గింజ దుమ్ములా ఉంటుంది కదమ్మా, దాంట్లో తిండి ఉండదు. తల్లి వేళ్లలో ఉండే బూజు దాంట్లోకి పాకి అన్నం పెడితేనే మొలుస్తుంది. సీసాలో చక్కెర వేస్తే కొన్ని రకాలు సర్దుకుంటాయి. మీ అత్తగారిది సర్దుకునే రకం కానట్టుంది."

"మా అత్తగారూ అంతేనండీ" అని నవ్వింది.

ఇంటికి వెళ్తుంటే ఒక సంగతి గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఏటా తల్లి కుండీలో మట్టిని పైపైన గోకి శుభ్రం చేయడం ఆమె అలవాటు. అక్కడ ఆవగింజలంత పచ్చని బుడిపెలు కనిపించేవి. పాచి అనుకుని గోకి పారేసేది. సీసాల్లో ఆర్కిడ్ గింజ మొలిచేటప్పుడూ ముందు వచ్చేవి అలాంటి బుడిపెలే. అవన్నీ కాయ నుంచి రాలిన గింజలు మొలిచిన ఆ మొక్క పిల్లలే. తన చేతుల్తోనే తుడిచిపెట్టేసింది. పెరట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత కొంగు బిగించి లేచింది. కాయ చిట్లగానే గింజల్ని తల్లి మొక్క మొదట్లోనే చల్లింది. మట్టి గోకలేదు, మందు కొట్టలేదు. తడి మట్టి మీద సన్నని తెల్లటి పోగులు కనిపిస్తే చేతులు దురదపెట్టేవి. గుడ్డ పట్టుకుని కుండీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేది.

"పెట్టు నాయనా, కడుపునిండా పెట్టు" అని బూజును బతిమాలుతుంటే మొగుడు విన్నాడు.

"నన్నెప్పుడూ ఇంత ముద్దుగా అడగలేదే."

"మీరెప్పుడైనా ఎవరికైనా అన్నం పెట్టారా?"

ముందు బుడిపెలు వచ్చాయి. ఈసారి వాటి జోలికి పోలేదు. వానలు మొదలయ్యాక ఒక బుడిపె ఆకు విప్పింది. దాని పక్కన ఇంకొకటి, ఆ వెనక గుంపుకు గుంపు. బూజే పిల్లల్ని మొలిపించిందని నర్సరీ అంతా వినపడేలా చెప్పుకుంది. ఎవరేమనుకుంటే ఆమెకేం?

కుండీని చంకనెత్తుకుని అత్తగారి మంచం దగ్గరికి నడిచింది. ఆవిడ చిన్న ఆకుల్ని వేలికొసతో తడిమి చూసింది. తర్వాత కోడలి చేతుల వైపు చూసింది. గోళ్ల నిండా మట్టే.

"చేతులు కడుక్కోకుండా వచ్చావేమే?"

"ఇవాళ కడుక్కోను అత్తయ్యా."

ఆవిడ ఆ మట్టి చేతిని దగ్గరికి లాక్కుని చెంపకు ఆనించుకుంది.