అప్పు చేసి తెచ్చిన నీళ్లు

మామ పనిచేసే ఉక్కు ప్లాంటు క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ మా అత్తకి నీళ్ల బాధ తెలియదు. కుళాయి తిప్పితే వచ్చేవి. మామ రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, స్మృతి నగర్ దాటాక ఒక కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక తెలిసింది. అక్కడ బోరు హోళీ రాకముందే ఎండిపోయేది. ఆ తర్వాత ట్యాంకరే దిక్కు. మామ పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, రోడ్డు వారన రేకుల షెడ్డు వేసి టిఫిన్ దుకాణం పెట్టింది అత్త. నేను కోడలిగా వచ్చేసరికి ఆ దుకాణం మీదే ఇల్లు నడుస్తోంది. నా భర్త మోటార్లు వైండింగ్ చేసే షాపులో పనిచేసేవాడు. ఆ జీతం ఒక నెల వస్తే ఒక నెల రాదు.

ఒకరోజు టిఫిన్ల వేళ ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి, రోడ్డు పొడవునా సున్నంతో గీత గీసుకుంటూ పోయారు. ఆ గీత మా షెడ్డు గుమ్మంలోంచి దూరి, దోసెల పెనం పక్కనుంచి వెళ్లి, అవతల పంక్చర్ దుకాణం వైపు తేలింది.

“పైప్‌లైన్ వస్తోంది అమ్మా, ఇక ఇంటింటికీ నీళ్లే,” అని వాళ్లలో ఒకడు సంతోషంగా చెప్పి, రెండు ఇడ్లీలు తిని వెళ్లాడు.

ఇన్నేళ్లూ నీళ్ల కోసం ఎదురుచూసింది మేమే. అవి సరిగ్గా మా పొయ్యి కిందనుంచి వస్తాయని ఎవరం అనుకోలేదు. షెడ్డు ఉన్నది సర్కారు జాగాలో. తీసేయమంటే తీసేయాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నం అత్త అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

వారం తిరక్కుండానే కాలనీలో ఆటో మైకు తిరిగింది. నీళ్ల పథకం గురించి సాముదాయిక్ భవన్ హాల్లో సభ ఉంది, దుకాణదారులు తప్పకుండా రావాలి అని. నా భర్త వెళ్లొద్దన్నాడు.

“చుప్‌చాప్ ఉందాం అమ్మా. అక్కడికెళ్లి నోరు తెరిస్తే ముందు మన పేరే రాసుకుంటారు, కబ్జా అని.”

అత్త కూడా అదే మాట. “మనకెందుకే అమ్మీ. కనబడకుండా ఉంటే ఒగ్గేస్తారేమో.”

నాకు మాత్రం సున్నం గీసినవాళ్లు మమ్మల్ని చూడలేదనుకోవడం వెర్రితనంగా అనిపించింది. పైగా వాళ్లలో ఒకడు ఇడ్లీలు కూడా తిని వెళ్లాడు. నేను అత్తలా తెలుగు ఊరి నుంచి వచ్చినదాన్ని కాదు, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని, హిందీకి భయపడే పని లేదు. మరునాడు మా దుకాణానికి రోజూ వచ్చే ఒక మున్సిపల్ ఆఫీసు క్లర్కుని అడిగాను. ఈ పథకానికి డబ్బు మున్సిపాలిటీకి ఊరికే రాలేదని, ఊళ్లలో నీటి పనులకోసమే పెట్టిన ప్రభుత్వ నిధి నుంచి అప్పుగా తెచ్చారని, ఏళ్ల తరబడి నీటి పన్నుతో తీర్చాలని చెప్పాడు. అప్పిచ్చినవాళ్లు కొన్ని షరతులు కూడా పెట్టారట. తవ్వకం వల్ల ఎవరి బతుకుతెరువు ఆగుతుందో వాళ్ల మాట ముందు వినాలి. విన్నట్టు అప్పిచ్చినవాళ్లకి చూపించాలి.

ఇంటికొచ్చి అత్తకి చెప్పాను. ఆమె చట్నీకి పల్లీలు వేయిస్తోంది. గరిటె ఆపింది.

“సర్కారు కూడా అప్పు సేస్తాదేటి?”

“చేస్తుందట అత్తా.”

“అయితే ఆళ్లకీ పైనొకడు ఉన్నాడన్నమాట.”

అత్త కూడా మహిళా సంఘంలో అప్పు తీసుకుని గ్రైండరు కొంది. తీరేదాకా సంఘం వాళ్లు పిలిచిన ప్రతి మీటింగుకీ పని మానుకుని వెళ్లింది. అప్పున్నవాళ్లు ఎలా ఒదిగి ఉంటారో ఆమెకి తెలుసు. పల్లీలు మాడకుండా దింపి, “రేపు పెందలాడే దుకాణం కట్టేద్దాం. ఎల్దాం,” అంది.

సభలో మ్యాపు గోడకి అతికించి ఒక ఇంజినీరు మాట్లాడాడు. పక్కన ఒక మేడమ్ కూర్చున్నారు, వయసులో నాకంటే చిన్నగానే కనిపించారు. జనం చెప్పేవి వినడం ఆవిడ పని. మా వంతు వచ్చినప్పుడు మాట్లాడదామని నేను లేవబోతే అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనే లేచింది.

“సాబ్, హమారా దుకాన్ తోడేగా క్యా నహీ తోడేగా, అది సెప్పండి. నీళ్లు మాకూ కావాలి. దుకాన్ భీ కావాలి.”

దుకాణం కూలుస్తారా కూల్చరా అని అత్త అడిగిన ఆ కలగలుపు హిందీకి కొంతమంది నవ్వారు. మేడమ్ నవ్వలేదు. నన్ను చూసి అడిగితే నేను మొత్తం విడమరిచి చెప్పాను. ఇంజినీరు మ్యాపు మీద వేలు పెట్టి చూసి, గొయ్యి తవ్వేటప్పుడు షెడ్డు తీయక తప్పదని, పైపు పూడ్చాక రోడ్డు వారన ఉన్న కాలువకి అవతల వేసుకోవచ్చని అన్నాడు.

“అందాకా?” అని మేడమ్ ఆయన్నే అడిగారు.

ఆయన మళ్లీ మ్యాపు వైపు తిరుగుతుండగా వెనక వరసలోంచి పంక్చర్ దుకాణం ఆయన లేచాడు. గీత మా షెడ్డులోంచి పోయినా, ఆయన దుకాణాన్ని తాకకుండా పక్కనుంచి పోయింది. మా అత్తని ఆయన ఛత్తీస్‌గఢీలో ‘దాయీ’ అని పిలిచేవాడు, అంటే అమ్మా అని.

“చింతా ఝన్ కర్ దాయీ, దిగులు పడకు. నా దుకాణం ముందు టైర్లు పెట్టే జాగా ఉంది కదా. టైర్లు లోపల పెట్టుకుంటా. నీ పొయ్యి అక్కడ పెట్టు.”

ఆ మాట మేడమ్ రాసుకున్నారు. షెడ్డు మళ్లీ వేసే ఖర్చు పథకమే భరిస్తుందని కూడా అందరి ముందూ చెప్పారు. బయటికొస్తుంటే గుమ్మం దగ్గర నా భర్త నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు కానీ మొదట్నుంచీ అక్కడే ఉన్నాడట. అత్త చేతిలోని సంచి తీసుకుని స్కూటరు వైపు నడిచాడు.

టైర్ల జాగాలో వ్యాపారం కుంటుతూనే సాగింది. గొయ్యి తవ్వగానే వానలు పట్టుకున్నాయి. గట్టు విరిగి మట్టి జారితే మళ్లీ తవ్వారు. బురద దాటి రాలేక చాలామంది గిరాకీలు రావడం మానేశారు. రబ్బరు సొల్యూషన్ వాసనలో దోసె తినడం ఇష్టంలేనివాళ్లు కొందరు. పంక్చర్ ఆయన మాత్రం ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు. టిఫిను పెడితే డబ్బు ఇస్తాననేవాడు, అత్త తీసుకునేది కాదు. ఆ విషయం మీద ఇద్దరూ రోజూ వాదించుకునేవారు.

పైపు పూడ్చాక అసలు భయం పట్టుకుంది. మేస్త్రీ వచ్చి, కాలువ అవతల జాగా ఇరుకైపోయింది, షెడ్డు పట్టదు అన్నాడు. అత్త పొయ్యి దగ్గర కూర్చుండిపోయింది. ఆమెని అలా చూడలేక నేను మేడమ్‌కి ఫోన్ చేశాను. సభలో నంబరు ఇచ్చారు గానీ ఎత్తుతారని అనుకోలేదు. ఎత్తారు. మరునాడు వచ్చారు కూడా. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని బురదలో నిలబడి, మేస్త్రీ చేత టేపు పట్టించి కొలిపించారు. పాత షెడ్డు కంటే వెడల్పు కొంచెం తగ్గుతుంది, లోతు కొంచెం పెరుగుతుంది. పడుతుంది.

“పడుతుందట అత్తా,” అన్నాను.

“ఇన్నానే,” అంది. అని, కొంగుతో మొహం తుడుచుకుని, మేడమ్‌కి టీ పెట్టడానికి లేచింది. ఆ పూట నేను ఎంతోకాలం తర్వాత కడుపునిండా తిన్నాను. నా భర్త సెలవు పెట్టి, తనే దగ్గరుండి రేకులు బిగించాడు.

దీపావళి దాటాక కుళాయి వచ్చింది. మొదట గాలి బుసలు కొట్టింది, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. అత్త దోసిలి పట్టి తాగి, రుచి చూసి, బాగున్నాయంది. ఇప్పుడు నీటి బిల్లు ప్రతి నెలా వస్తుంది. కాలనీలో కొందరు సణుగుతారు. అత్త మాత్రం, “అప్పు తీరాలి కదేటి,” అని డబ్బు నా చేతికిచ్చి కట్టి రమ్మంటుంది.

ట్యాంకరు నీళ్ల రోజుల్లో మేం అడిగినవాళ్లకే గ్లాసుతో ముంచి ఇచ్చేవాళ్లం, అదీ ముప్పాతిక గ్లాసు. కుళాయి వచ్చిన మర్నాడు అత్త కొత్త స్టీలు జగ్గులు కొనుక్కొచ్చి, నిండా నింపి బల్లకొకటి పెట్టింది. ఎవరు ఎంత పోసుకుంటున్నారో ఇప్పుడు మేం చూడం.