దీవి మనుషుల వరసలు

బారువ ఊరి రాజులమ్మది ఒకటే పంతం: ఈ నెలతో సరి, ఇక పలాస ఆస్పత్రి గడప తొక్కను. డయాలసిస్ ఉన్న రోజల్లా కొడుకు ఢిల్లీరావు చేపల వేట మానుకుని తనని తీసుకురావడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంటోంది. ఎండుచేపల గంప మోసి ఇల్లు నిలబెట్టిన మనిషి మరి! ఒకరికి బరువవడం ఆమెకు చేతకాదు.

ఆ వారమే పక్క మంచంలోకి రూప వచ్చింది. టెక్కలిలో టీచరు, ముప్పై కూడా నిండలేదు. తోడెవరూ లేరు. మాయదారి జబ్బుకి వయసుతో పనేముంది! ఒక చేతికి సూదులు, రెండో చేతిలో ఇటుకంత నవల. కాసేపు చదివి విసుగ్గా గుండెల మీద బోర్లించేసింది.

"ఏటమ్మా, బాగునేదా?" అంది రాజులమ్మ.

"ఎక్కడో సముద్రం మధ్య దీవి, మామ్మా. అందరి బతుకులూ చిక్కుముడే. కథ ముందుకీ వెనక్కీ పోతాది. ఎవరెవరో తెలిసి చావట్లేదు."

"పైకి సదువు. మా ఊరికన్నా సిక్కా ఏటి?"

రూప చదివింది. రాజులమ్మ పేరు పేరుకీ అడ్డుపడింది. "ఆగాగు. ఈడు దానికి ఏటవుతాడు? మేనత్త కొడుకా? ఓలమ్మో, బావ వరసయ్యుండి పడవ ఇవ్వనంటాడేటి, సచ్చినోడు!"

అవతలి మంచాలవాళ్లు కూడా నవ్వారు. వరసలు కలిపేసరికి ఆ పరాయి పేర్లన్నీ బారువ మనుషులైపోయాయి. ఆ పూట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు.

నెల తిరిగింది. రాజులమ్మ పంతం మాటే ఎత్తలేదు. పైగా తెల్లారేసరికి తయారై కొడుకుని తనే తొందరపెట్టేది. ఒకరోజు ఢిల్లీరావు రూపకి దణ్ణం పెట్టాడు. "మీ పుస్తకం పున్నెమమ్మా. ఇది నేకముందు మా అమ్మ ఆస్పత్రికి రావడం మానేత్తానంది."

అప్పట్నుంచి రూప చదువు నెమ్మదించింది. చదివిందే మళ్లీ చదివేది. రాజులమ్మ ఊరుకుంటుందా?

"ఏటే, నిన్న అమ్మిన సేప మళ్లీ అమ్ముతన్నావు?"

రూప కళ్లు నిండాయి. "పుస్తకం అయిపోతే నువ్వు రావేమోనని, మామ్మా."

రాజులమ్మ రూప వైపు తిరిగింది. ఒంట్లో సూదులు పెట్టుకుని ఈ పిల్ల తన ప్రాణానికి కాపలా కాస్తోందా! ఏ జన్మ రుణమో, ఎలా తీర్చుకోవడం?

"సల్లగుండమ్మా," అంది. "ఎర్రిదానా, దీవి కోసం వత్తన్నాననుకున్నావా? మంచం మీద ఒక్కదానివి బెంగెట్టుకుంటావని వత్తన్నాను. సదివెయ్. పుస్తకం నేకపోయినా నానొత్తాను."