నూతిలో వేసిన సున్నం

సున్నం తయారుచెయ్యడంలో మా అత్తకి మంచి పేరుండేది. భావనపాడు వైపు నుంచి కాల్చిన గుల్ల తెప్పించి, కుండలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసా పొంగేది. పైన తేరిన మెత్తటిది ఆకువక్కలకి, మిగిలింది గోడలకి. ఏటా వానలకి ముందు వీధి నుయ్యి పూడిక తీశాక, నీళ్ళు శుభ్రపడతాయని అందులో సున్నం కలిపి పొయ్యడం కూడా ఆవిడ పనే. వీధిలో వాళ్ళే వచ్చి పిలుచుకెళ్ళేవారు.

మావయ్యకి కిడ్నీలు పోయాయని పలాస ఆసుపత్రిలో చెప్పిన రోజు నుంచి అదంతా నేరమైపోయింది. ఈ జబ్బు మా ఉద్దానంలో ఎందుకొస్తోందో పెద్ద చదువుల వాళ్ళకే అంతుచిక్కలేదు. మావయ్యకి మాత్రం ఇంటికి చేరేలోగా తెలిసిపోయింది.

"నువ్వు నూతిలో ఏసిన సున్నమే నన్ను తినేత్తంది," అన్నాడు అత్తతో, చూడ్డానికొచ్చిన వాళ్ళందరి ముందూ.

వాళ్ళు తలలూపారు. ఆ నుయ్యి ఎరగని ఊళ్ళలోనూ ఇదే జబ్బుతో మంచాన పడ్డవాళ్ళున్నారు. అది ఒక్కరికీ గుర్తు రాలేదు. నీళ్ళకెళ్తే ఆవిడ బిందె పక్క నుంచి తమ బిందెలు జరుపుకునేవారు. అత్త సున్నం కుండ పెరట్లో బోర్లించేసింది. తను ఆకు వేసుకోవడం కూడా మానేసింది.

మావయ్యకి రాసిన మందుల్లో అన్నంతో పాటు వేసుకోవాల్సిన మాత్ర ఒకటుంది. అదేమిటని మందుల షాపులో అడిగాను.

"కాల్షియమండి. సున్నమే అనుకోండి," అన్నాడు షాపతను.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాగానే అత్త ఎదుటే అడిగేశాను.

"మావా, డాక్టరు కూడా నీకు సున్నమే ఇత్తన్నాడు. మరి అత్తనెందుకంతన్నావు?"

ఆయన మాత్ర నోట్లో వేసుకుని, అత్త అందించిన గ్లాసెడు నీళ్ళూ తాగాడు.

"డాక్టరిచ్చింది ఏరు," అన్నాడు.

పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు. నేను తిడతాను.

నిరుడు అత్తకి కాళ్ళు వాచాయి. మళ్ళీ అదే ఆసుపత్రి. రిపోర్టు చూసి డాక్టరు చెప్పింది విని బయటికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడే నా వీపు నిమిరింది.

"ఏడవకు. నాకూ వచ్చీసింది కదా. ఇంక నన్నెవులూ ఏటీ అనరు."

ఇన్నేళ్ళలో ఆవిడ అంత స్థిమితంగా మాట్లాడటం నేను వినలేదు.