చలిపందిరిలో నేనడిగిన ప్రశ్న

ఈ పొద్దు కొత్తకుండ మజ్జిగలో కరివేపాకు వాసన తగిలింది. మన ఈడువాళ్లకు గుర్తుందా, కుంపిణీవాళ్ల కాలంలో అన్నూరు దారి పక్కన మా అవ్వ వేసిన చలిపందిరి?

బాటసారులకు మజ్జిగ పోయడం నా పని. కొత్త మొహం కనబడితే నాకు నోరు పెగిలేది కాదు.

"బెదరొద్దు పాపా. మొగం చూడొద్దు, చెంబు చూస్తా అడుగు, ‘ఏ ఊరన్నా, ఎవరింటికి?’ అని" అనేది అవ్వ.

ఎన్నాళ్లో ఆ మాట గొణుగుతూనే అడిగాను. మా నాయన పత్తిబండ్లతో మదురై వెళ్లి నెల దాటింది. ఒక మధ్యాహ్నం అవ్వ ఇంట్లో ఉండగా, ఒళ్లంతా దుమ్ముతో ఒకాయన వచ్చాడు. చెంబు అందించి, మొదటిసారి గట్టిగా అడిగాను.

"ఏ ఊరన్నా, ఎవరింటికి?"

"మదురై నుంచి, అమ్మణీ" అన్నాడు. రెండోది అడిగితే చెంబులోకే చూస్తూ నిలబడ్డాడు. మజ్జిగా తాగలేదు.

"తాగన్నా, చల్లగుంది" అని బతిమాలాను. చావు కబురు తెచ్చినవాడు అది చెప్పేదాకా మనవాళ్లలో నీళ్లయినా ముట్టడని నాకు తెలియదు.

అవ్వ వచ్చింది. ఆయన చేతిలో నిండు చెంబు చూసి, "అయ్యో నా కొడకా, పోయినావా!" అంటూ కూలబడింది.

తరువాత కొత్తవాళ్లంటే బెదురు పోయింది. ‘ఎవరింటికి’ అని మాత్రం ఇంతవరకు ఎవరినీ అడగలేదు.