తిరగబడని పడవ

మొన్న మేడ మీద పగిలిన నీళ్ల ట్యాంకుకు అతుకు వేయడానికి వచ్చిన మనిషి డబ్బా మూత తీసేసరికి రెజిన్ జిగురు వాసన గుప్పుమంది. చేతిలో పప్పుగిన్నెతో అక్కడే నిలబడిపోయాను. అరవయ్యో దశకం చివర, వంశధార ఒడ్డున ఉన్న మా అత్తవారింట నేను కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఏడాదంతా ఆ వాసనే.

నా పెళ్లికి ముందటి శ్రావణంలో, పెళ్లికాని మా బావగారు అవతలి గట్టున ఉన్న పొలంలో నాట్లు వేయించడానికి వెళుతూ, నాటుపడవ తిరగబడి ఏట్లో పోయారు. అప్పటి నుంచి అత్తగారు ఏటివైపు పెరటి తలుపు తీయలేదు; ఆ పొలం బీడుపడింది. విశాఖపట్నంలో పడవల మరమ్మతులు నేర్చిన మావారు అక్కడి పని మానుకుని వచ్చి, తిరగబడని పడవ చేస్తానన్నారు. రెండు సన్నటి పడవలను ఎడంగా ఉంచి దూలాలతో కలిపితే గాలికి ఒరగదనీ, పల్చటి ప్లైవుడ్ మీద ఫైబర్‌గ్లాసు, అంటే గాజునార గుడ్డ, పరిచి రెజిన్ పూస్తే చెక్క నానదనీ ఆయన చెబుతుంటే, సగం అర్థమై సగం కాక తలూపేదాన్ని.

వైశాఖపు ఎండకు రెజిన్ డబ్బాలోనే రాయైపోయేది. అందుకని తెల్లవారగానే నేను గుడ్డ కత్తిరించి అందిస్తే ఆయన కుంచెతో అద్దేవారు. గాజునార చేతులకు గుచ్చుకుని, ఎంత కొబ్బరినూనె రాసుకున్నా అన్నం కలుపుకోలేకపోయేదాన్ని. తెరచాపను నా కుట్టుమిషను మీదే, గుడారం గుడ్డతో కుట్టాను. అత్తగారు అటు చూసేవారే కాదు. ఒక్కసారి మాత్రం అన్నారు: "ఒరే, ఒకడ్ని ఇచ్చీసినాను ఆ ఏటికి. రెండోవాడ్ని కూడా ఇమ్మంతావేటి?" ఆయన కుంచె పక్కన పెట్టేశారు. ఆ రోజుకి పని సాగలేదు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టారు.

కార్తీకంలో వరద తగ్గాక, రెండు పడవలనూ ఎడ్లబండి మీద రేవుకు చేర్చి దూలాలు బిగించాం. నేను ఎక్కబోతుండగా వెనకనుంచి అత్తగారు వచ్చారు. "నువ్వాగమ్మా, ముందు నాను ఎక్కుతాను. ఏటైనా అయితే ఈసారి నా కల్ల ముందే అవ్వాల," అన్నారు.

నడి ఏట్లో గాలి విసురుకు ఒక పక్క పడవ నీటిని వదిలి జానెడు పైకి లేచింది. గట్టున నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అది మళ్లీ నీటికి ఆని సాగిపోతోంది. అవతల దిగి, ఆవిడ ఒక్కరే పొలం గట్లన్నీ తిరిగి, నాట్లు పడని మడిలో చాలాసేపు కూర్చున్నారట. తిరిగొచ్చాక కొడుకుతో ఒకటే మాట: "రేపు నాగలి కూడా ఏసుకెల్దుం. పెసలైనా సల్లుదుం."

ఆ పడవ ఏళ్ల తరబడి ఊరందరినీ దాటించింది. వంతెన వచ్చాక దాని అవసరం తీరింది. అత్తగారూ పోయారు, మావారూ పోయారు. వంతెన మంచిదే, కాదనను. అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో మా ఇంటివాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది! అయినా బస్సులో దాటుతున్నప్పుడల్లా చుట్టూ చూస్తాను, ఏరు వచ్చిందని తల తిప్పేవారు ఒక్కరూ కనిపించరు. ఆ రోజుల్లో మనిషి అవతల దిగి చేయెత్తేదాకా ఇవతల ఎవరో ఒకరు కదలకుండా చూసేవారు. ఇప్పుడు అందరూ క్షేమంగానే చేరుతున్నారు. చేరేదాకా గట్టున నిలబడేవాళ్లే లేరు.