పసుపు బొట్టు పెట్టిన కట్ట

మా రత్నం వదిన బ్లౌజులు కుడుతుంది, కార్డులు చూసి జోస్యం చెబుతుంది. రెండింట్లో దేనికి ఎక్కువమంది వస్తారో నన్నడక్కండి. మా రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర మా ఇంట్లో ముందు గది ఆమెది, వెనక గది నాది. కొలతలకని వచ్చిన ఆడవాళ్ళు గంటల తరబడి ఎందుకు కూర్చుంటారో వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే మా అన్నయ్య త్యాగరాజుకి ఈనాటికీ తెలియదు. నేను బడిపంతులమ్మని. కార్డుల మీద నాకు నమ్మకం లేదు, ఆ మాట ఆమె మొహం మీదే చెబుతాను.

"నీకు నమ్మకం నేకపోతే మానె సుచరితా, నా కార్డులకి నీ మీద ఉంది," అంటుంది.

ఫోనులో హిందీ వీడియోలు చూసి టారో అనే ఈ కార్డుల విద్య నేర్చుకుంది. పాత కట్ట మొన్న వానల్లో చెమ్మకి ఉబ్బి అంటుకుపోయింది. లైనింగు గుడ్డ కోసం గోల్‌బజార్ వెళ్ళినప్పుడు, ఆటబొమ్మల కొట్లో లూడో పెట్టెల అడుగున కొత్త కట్ట కనిపించింది. అది పేకాటకి పనికిరాదు దీదీ, ఏవేవో బొమ్మలున్నాయి అని కొట్టు బెంగాలీ దాదా ముందే చెప్పాడట. ఈవిడ గుండెలకి హత్తుకుని టోటో రిక్షా ఎక్కింది.

పాత కట్టలో బొమ్మలు వేరు, ఇందులో వేరు. కుట్టుపని పక్కన పడేసి కొన్నాళ్ళు వాటితోనే కాపురం చేసింది. కింద ఇంగ్లీషు పేర్లుంటే తన పేర్లు తను పెట్టుకుంది. లాంతరు పట్టుకున్న ముసలాయన గార్డు బాబు. పిడుగు పడ్డ బురుజు వాటర్ ట్యాంకు. గుర్రం మీద వచ్చే అస్థిపంజరం ఎముకలాయన. ఎముకలాయన వస్తే చావని కాదు, పాతది పోయి కొత్తది వస్తుందని అర్థమట. నాకు చెప్పేటప్పుడు మాత్రం ఆ కార్డుని అంటీ అంటకుండా అంచున పట్టుకునేది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో స్పానరు దగ్గర్నుంచి టోటో దాకా బొట్టు లేని వస్తువుండదు. అన్నయ్య తన పనిముట్ల పెట్టె పెట్టి, దండం పెట్టుకుని వర్క్‌షాపులో పూజకి వెళ్ళిపోయాడు. వదిన కుట్టు మిషను, కత్తెర పెట్టి, "ఇదీ నా పనిముట్టే," అని కార్డుల కట్ట బోర్లించి పెట్టింది. పైకార్డు వీపున ఇంత పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది.

ఆ వారం కొలతలకొచ్చిన మీనాకుమారి కార్డు తీస్తే ఎముకలాయన. మర్నాడు ఇంకొకావిడ తీస్తే ఎముకలాయన. వదిన కట్టని మళ్ళీ మళ్ళీ కలిపింది. ఆ మీద ఎదురింటి బాలాంబ వచ్చింది. ఆవిడ గర్భసంచిలో గడ్డ ఉంది, ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. సోమవారం ఆపరేషన్. వెళ్ళనా వద్దా అని అడిగి, కార్డు తీసింది. మళ్ళీ ఆయనే.

"ఇంక నేనెల్లను," అని బాలాంబ లేచిపోయింది. కొడుకు బతిమాలాడు, కోడలు ఏడ్చింది. ససేమిరా అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ ప్రాణం మీదకి తెచ్చినావు వదినా. ఏదీ, పరుచు నా ముందు," అన్నాను. పరిచింది. ఏదో ఒకటి లాగుదామని చెయ్యి చాపాను. నమ్మకం లేని నా చెయ్యి కూడా తిన్నగా పసుపు బొట్టు ఉన్న కార్డు మీదకే వెళ్ళింది. తిప్పితే ఎముకలాయన.

ఇద్దరం ఆ బొట్టు వంక చూశాం. ఇన్ని కార్డుల్లో ఒక్కదానికి పసుపు కుంకుమ కనిపిస్తే మన ఆడవాళ్ళ చెయ్యి ఇంకెక్కడికి పోతుంది?

"ఎంత పని సేసినానే," అని వదిన కూలబడింది. తుడిస్తే రంగు పోలేదు. అప్పుడు పసుపు గిన్నె తెచ్చి, కట్టలో కార్డులన్నిటికీ వీపున అలాంటి బొట్టే పెట్టి, గది నిండా ఆరబెట్టింది. బాలాంబని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, జరిగిందంతా చెప్పింది.

"ఇప్పుడన్నీ ఒకలాగే ఉన్నాయక్కా. మళ్ళీ తియ్యి."

బాలాంబ ఒకటి తీసింది. మా ముందు తిప్పలేదు. సంచిలో వేసుకుని, "ఇది నాతో ఉంటాది. సోమవారం ఎల్తాను," అని వెళ్ళిపోయింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

సోమవారం పొద్దున్న వదిన నా గదిలోకి వచ్చింది. "కట్టంతా ఎతికినాను సుచరితా. ఎముకలాయన అందులో కనిపించనేదు."

నమ్మకం లేనిదాన్ని కదా, నవ్వి ఊరుకోవాలి. నవ్వలేకపోయాను. బడికి సెలవు పెట్టి ఆమెతో ఆస్పత్రికి వెళ్ళాను. బాలాంబని లోపలికి తీసుకెళ్ళాక బల్ల మీద ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. నాకు మహా భయం వేసింది. మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి గడ్డ తీసేశామని, ప్రమాదం లేదని చెప్పాడు.

ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక బాలాంబ సంచిలోంచి కార్డు తీసి వదిన చేతిలో పెట్టింది.

"నువ్వు తిప్పి సూడ్లేదు కదక్కా?" అంది వదిన.

"సూసినాను. ఆ రోజే, మీ గేటు దాటగానే."

"మరి ఎలాగెల్లినావు?"

"ఆ బొట్టు నువ్వెట్టినావు కదేటి," అంది బాలాంబ. "నాకు సెడ్డ జరగాలని నువ్వు బొట్టెడతావా?"

వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ మాట మా అన్నయ్యకి చెప్పకండి.